ఎవరూ నమ్మని టీవీని జనం నమ్మడం మొదలుపెట్టాక

బెర్లిన్‌లో నేను మాస్టర్స్ చదివింది అడ్లర్స్‌హోఫ్ అనే చోట. హుంబోల్ట్ యూనివర్సిటీ వాళ్ళ మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, కంప్యూటర్ సైన్స్ అన్నీ అక్కడే ఉంటాయి. చుట్టూ కంపెనీలు, ల్యాబులు, మధ్యాహ్నం క్యాంటీన్‌లో తెలుగు మాటలు కూడా బాగానే వినిపిస్తాయి. ఆ దగ్గర్లోనే కొన్ని పాత స్టూడియో బిల్డింగులున్నాయి. రెండేళ్ళు వాటి పక్కనుంచే నడిచాను కానీ అవేంటని ఒక్కసారి కూడా అడగలేదు. తూర్పు జర్మనీ ప్రభుత్వ టీవీ నడిచింది అక్కడినుంచేనని చాలా ఏళ్ళ తర్వాత, మా పక్క ఫ్లాట్‌లో ఉండే పెద్దావిడ చెబితే తెలిసింది. ఆవిడ అక్కడ కాస్ట్యూమ్ సెక్షన్‌లో పనిచేశారట. "ఎంత కష్టపడి చేసినా జనం ఛానల్ తిప్పేసేవాళ్ళు. ఆఖర్లో మమ్మల్ని చూడ్డం మొదలుపెట్టారు. అప్పుడు మూసేశారు" అన్నారు. ఆవిడ ఆ మాట మామూలుగానే అన్నారు కానీ నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటినుంచి దొరికిందల్లా చదువుతున్నాను, దొరికిన పాత వీడియోలు చూస్తున్నాను. అవన్నీ ఒకచోట రాసుకుందామని ఈ పోస్టు.

ఆ టీవీ పేరు డాయిచర్ ఫెర్న్‌జేఫుంక్, పొట్టిగా డీఎఫ్ఎఫ్. 1952 డిసెంబర్ 21న ప్రయోగాత్మక ప్రసారాలు మొదలుపెట్టారు. తేదీ ఊరికే పెట్టలేదు, ఆ రోజు స్టాలిన్ పుట్టినరోజు. పైగా పశ్చిమ జర్మనీ వాళ్ళ టీవీ క్రిస్మస్‌కి, అంటే డిసెంబర్ 25న మొదలవ్వాల్సి ఉంది. వాళ్ళకంటే నాలుగు రోజులు ముందున్నామని చెప్పుకోవాలి కదా. చూడ్డానికి ఎవరింట్లోనూ పెద్దగా టీవీలు లేవు. రాడెబెర్గ్ ఫ్యాక్టరీలో చేసిన లెనిన్‌గ్రాడ్ టీ2 అనే సెట్టు ఉండేది, దాని తెర మన నోట్‌బుక్ అంత. పూర్తిస్థాయి ప్రసారాలు 1956 జనవరి 3న మొదలయ్యాయి. 1969లో బెర్లిన్ నడిబొడ్డున ఆ పెద్ద టీవీ టవర్ తెరిచిన రోజే, అక్టోబర్ 3న, రెండో ఛానలూ కలర్ ప్రసారాలూ వచ్చాయి. 1972లో దాని పేరు మార్చి 'తూర్పు జర్మనీ టెలివిజన్' అని పెట్టారు, 1990లో మళ్ళీ పాత పేరే పెట్టారు. ఈ పోస్టులో మొదటినుంచి చివరిదాకా డీఎఫ్ఎఫ్ అనే రాస్తాను.

ప్రభుత్వం చేతిలో ఉన్న టీవీలు ప్రపంచంలో చాలా ఉన్నాయి. దీనికున్న కష్టం మాత్రం వేరు. పక్క దేశంలోనూ అదే భాష, అక్కడ టీవీ బాగుంటుంది, ఆ సిగ్నల్ సరిహద్దు దాటి ఇంట్లోకి వచ్చేస్తుంది. మనుషుల్ని ఆపడానికి 1961 ఆగస్టులో బెర్లిన్ గోడ కట్టారు, మరి గాలిలో వచ్చేదాన్ని ఎలా ఆపుతారు? గోడ కట్టిన నెలకే, దేశాన్ని ఏలే కమ్యూనిస్టు పార్టీ యువజన సంఘం కుర్రాళ్ళు ఇళ్ళ పైకప్పులెక్కి పడమటి వైపు తిరిగిన యాంటెన్నాలు పీకెయ్యడమో, తిప్పెయ్యడమో చేశారు. జనం యాంటెన్నాలు తీసుకెళ్ళి అటకమీద దాచుకున్నారు. బవేరియాలో ఓక్సెన్‌కోఫ్ అనే కొండమీద పశ్చిమ జర్మనీ వాళ్ళ ట్రాన్స్‌మిటర్ ఉండేది, దాన్ని పట్టే యాంటెన్నాకి ఆ కొండ పేరే స్థిరపడిపోయింది.

ఇది చదువుతుంటే మా డాబా గుర్తొచ్చింది. అన్నయ్య పైకెక్కి కొండపల్లి టవర్ వైపు యాంటెన్నా తిప్పుతూ "వస్తోందా?" అని అరిచేవాడు, నేను కింద వరండాలో నిలబడి "పోయింది, పోయింది, ఇంకొంచెం అటు" అనేదాన్ని. మాకు దూరదర్శన్ ఒక్కటే కాబట్టి బొమ్మ వస్తే చాలు. వాళ్ళకి మాత్రం యాంటెన్నా ఏ వైపు చూస్తోందో అన్నదే ఒక రాజకీయ ప్రకటన, పక్కింటివాడు చూసి ఎవరికైనా చెబుతాడేమోనని టెన్షన్. బళ్ళో టీచర్లు చిన్నపిల్లల చేత టీవీలో వార్తలకి ముందు వచ్చే గడియారం బొమ్మ గీయించేవారని ఆ తరం వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. రెండు టీవీల గడియారాలూ వేరు. పిల్లాడు గీసిన దాన్ని బట్టి ఇంట్లో ఏ వార్తలు చూస్తున్నారో తెలిసిపోతుంది. అయిదేళ్ళ పిల్లకి "ఇంట్లో చూసేది బయట చెప్పకు" అని నేర్పించాల్సి రావడం ఎలా ఉంటుందో, నాకూ ఒక కూతురుంది కాబట్టి కొంచెం అర్థమవుతుంది.

1973 వచ్చేసరికి తూర్పు జర్మనీని ఏలే పార్టీ నాయకుడు హోనెకర్ కూడా పశ్చిమ టీవీ ఎవరిష్టమొచ్చినట్టు వాళ్ళు పెట్టుకోవచ్చు, కట్టేసుకోవచ్చు అనేశాడు. ఒప్పుకోక తప్పలేదు. అంతకు రెండేళ్ళ ముందు పార్టీ మహాసభలో తమ టీవీలో 'కొంత విసుగు' ఉందని కూడా అన్నాడు. దేశంలో పశ్చిమ టీవీ అందనిది డ్రెస్డెన్ చుట్టుపక్కలా, ఈశాన్యాన గ్రైఫ్స్‌వాల్డ్ వైపూ మాత్రమే. డ్రెస్డెన్ ఎల్బే లోయలో ఉంటుంది కదా, ఆ ప్రాంతాన్ని మిగతావాళ్ళు 'ఏమీ తెలియనివాళ్ళ లోయ' అనేవారు. ఇక్కడ నన్ను ఆశ్చర్యపెట్టిన సంగతి ఒకటుంది. తర్వాతికాలంలో ఇద్దరు రాజనీతి శాస్త్రవేత్తలు పాత సర్వేలు తిరగేస్తే, పశ్చిమ టీవీ చూసినవాళ్ళకి ప్రభుత్వం మీద అసంతృప్తి కొంచెం తక్కువే ఉందని తేలింది. సాయంత్రాలు సీరియళ్ళతో గడిచిపోవడం వల్ల బతుకు కొంత భరించగలిగేలా ఉండేదని వాళ్ళ వాదన. నేను దానికి పూర్తిగా తిరగబడిన జవాబు ఊహించాను.

ఇక వార్తలు. రోజూ రాత్రి ఏడున్నరకి 'ఆక్తుఎల్లే కామెరా' వచ్చేది. పాతవి కొన్ని చూశాను. హోనెకర్ పేరు వచ్చిన ప్రతిసారీ 'జర్మన్ సోషలిస్టు ఐక్య పార్టీ కేంద్ర కమిటీ ప్రధాన కార్యదర్శి, రాజ్య మండలి అధ్యక్షుడు' అని మొత్తం చదువుతారు, రెండు నిమిషాల వార్తలో రెండు మూడుసార్లు అయినా సరే. పంట దిగుబడులు, ప్లాను లక్ష్యాలు, వచ్చిన అతిథులు, వెళ్ళిన అతిథులు. ఏ వార్త వెయ్యాలో, ఏది ముందు రావాలో కేంద్ర కమిటీలో ప్రచారం చూసే యోఆఖిమ్ హెర్మన్ నుంచి ఆదేశాలు వచ్చేవి. చదివేవాళ్ళ ఉచ్చారణ మాత్రం ఎంత శుభ్రంగా ఉంటుందో! అంత శుభ్రమైన గొంతులు అవే మాటలు ఏళ్ళ తరబడి చదవాల్సి వచ్చిందంటే నాకు కోపం కంటే బాధే ఎక్కువ కలిగింది.

సోమవారాలు వచ్చే 'నల్ల ఛానల్' అనే కార్యక్రమం గురించి మాత్రం ఆ బాధ లేదు. కార్ల్ ఎడువార్డ్ ఫోన్ ష్నిట్స్‌లర్ అనే ఆయన 1960 మార్చి నుంచి దాన్ని నడిపాడు. పశ్చిమ టీవీలోంచి ముక్కలు కత్తిరించి చూపించి, ఇదిగో ఇక్కడ అబద్ధం, ఇక్కడ కుట్ర అంటూ వ్యాఖ్యానం చెప్పేవాడు. ప్లంబర్ల భాషలో మురుగు పైపుకి ఆ పేరట, పశ్చిమ టీవీ అంటే మురుగేనని చెప్పడానికే ఆ పేరు పెట్టుకున్నాడు. దానికి ముందు పాత సినిమా వేసేవారు. సినిమా అయిపోయి ఈయన మొహం కనబడగానే జనం లేచి టీవీ కట్టేసేవారు, అలా లేచి కట్టెయ్యడానికి పట్టే సమయానికి 'ఒక ష్నిట్స్' అని కొలత పేరు పెట్టుకున్నారు. ఇన్ని తెలివితేటలున్న మనిషి, యుద్ధకాలంలో లండన్ బీబీసీలో హిట్లర్‌కి వ్యతిరేకంగా పనిచేసిన మనిషి, తన జీవితంలో దాదాపు ముప్ఫై ఏళ్ళు దీనికి పెట్టాడు. దాన్ని నేను క్షమించలేను.

అయితే డీఎఫ్ఎఫ్ అంటే ఇంతే అనుకుంటే మా పక్కింటావిడకి అన్యాయం చేసినట్టవుతుంది. అక్కడ ప్రేమగా పనిచేసిన వాళ్ళు చాలామంది ఉన్నారు. 1963లో మొదలైన 'ప్రిజ్మా' అనే కార్యక్రమానికి జనం తమ బాధలు ఉత్తరాలు రాసేవారు. ఇల్లు కారుతోందనో, ఆఫీసులో పని జరగడం లేదనో. గీత దాటకుండానే ఆ కార్యక్రమం కొంతమంది అధికారుల్ని కదిలించింది. 1971లో మొదలైన పోలీసు సీరియల్ 'పోలిత్సైరూఫ్ 110' ఇవాళ్టికీ జర్మన్ టీవీలో నడుస్తోంది. వీటన్నిటికంటే నాకిష్టమైనది జాంట్‌మెన్షెన్, అంటే పిల్లల కళ్ళల్లో ఇసుక చల్లి నిద్రపుచ్చే చిన్న గడ్డం తాత బొమ్మ.

అదీ పోటీలోనే పుట్టింది. పశ్చిమ బెర్లిన్ వాళ్ళు 1959 డిసెంబర్ 1న అలాంటి కార్యక్రమం మొదలుపెడుతున్నారని తెలిసి, అడ్లర్స్‌హోఫ్‌లో హడావుడిగా పనిచేసి నవంబర్ 22నే ప్రసారం చేసేశారు. బొమ్మ చేసింది గేర్‌హార్ట్ బెరెంట్. మొదటి ఎపిసోడ్‌లో తాత అందరినీ నిద్రపుచ్చి చివరికి తనే వీధిలో ఒక మూల పడుకుని నిద్రపోతాడు. అది చూసి పిల్లలు "మా మంచం మీద పడుకో" అని ఉత్తరాలు రాశారట. ప్రభుత్వాన్ని, పార్టీని, వార్తల్ని ఎవరూ నమ్మని దేశంలో ఈ బొమ్మని మాత్రం పిల్లలు అంతగా నమ్మారు. తాత ఒకరోజు రైలెక్కి వస్తాడు, ఒకరోజు రాకెట్‌లో వస్తాడు. 1978లో జర్మన్లలో మొట్టమొదట అంతరిక్షంలోకి వెళ్ళిన సీగ్మున్ట్ యేన్ సోవియట్ సోయుజ్‌లో వెళ్తూ ఈ బొమ్మని నిజంగానే పైకి తీసుకెళ్ళాడు.

1989కి వస్తాను. అక్టోబర్ 9, సోమవారం, లైప్‌జిగ్‌లో దాదాపు 70,000 మంది ప్రభుత్వానికి వ్యతిరేకంగా వీధుల్లోకి వచ్చారు. డీఎఫ్ఎఫ్ ఆ దృశ్యం చూపించలేదు. అరామ్ రాడోమ్‌స్కీ, జీగ్‌బెర్ట్ షెఫ్కే అనే ఇద్దరు యువకులు ఒక చర్చి గోపురం ఎక్కి రహస్యంగా వీడియో తీశారు. ఆ టేపు దొంగతనంగా గోడ దాటి వెళ్ళి మర్నాడు పశ్చిమ టీవీలో వచ్చింది. అంటే తూర్పు జర్మనీ జనం తమ ఊళ్ళో తాము చేసిన ఊరేగింపుని కూడా పక్క దేశం టీవీలో చూసుకున్నారు. ఒక వార్తాసంస్థకి ఇంతకంటే పెద్ద ఓటమి ఉంటుందని నేననుకోను.

అక్టోబర్ 18న హోనెకర్ దిగిపోయాడు. ఆ తర్వాత జరిగిందే నన్ను ఇన్నాళ్ళు పట్టి ఉంచింది. లోపలున్న అదే మనుషులు, అవే కెమెరాలు, నోళ్ళు తెరిచారు. అక్టోబర్ 30న ష్నిట్స్‌లర్ కొద్ది నిమిషాలు మాట్లాడి సెలవు తీసుకున్నాడు. నవంబర్ 4న బెర్లిన్ అలెగ్జాండర్‌ప్లాట్స్ కూడలిలో లక్షలమందితో జరిగిన సభని డీఎఫ్ఎఫ్ లైవ్‌లో చూపించింది, పార్టీ నాయకుల్ని జనం ఈలలు వేసి గేలి చెయ్యడంతో సహా. యువతని పశ్చిమ టీవీ నుంచి లాగడానికి సెప్టెంబర్‌లో మొదలుపెట్టిన 'ఎల్ఫ్ 99' ఉంది (పేరు అడ్లర్స్‌హోఫ్ పిన్‌కోడ్ 1199 నుంచి వచ్చింది), ఆ కుర్రాళ్ళు నవంబర్‌లో కెమెరాతో వాండ్‌లిట్స్ అడవిలో నాయకులుండే కాలనీలోకి వెళ్ళి వాళ్ళ ఇళ్ళూ దుకాణమూ దేశానికి చూపించారు.

నవంబర్ 9 రాత్రి మాత్రం పాత అలవాటే గెలిచింది. పార్టీ నాయకుడు షాబౌస్కి ప్రెస్‌మీట్ లైవ్‌లో చూపించింది డీఎఫ్ఎఫ్ వాళ్ళే, ప్రయాణాలకి అనుమతి అన్న మాట మొదట వినిపించింది అక్కడే. కానీ సరిహద్దు తెరిచారని ఎనిమిది గంటల పశ్చిమ వార్తల్లో వచ్చాకే చాలామందికి నమ్మకం కుదిరింది. పదిన్నర ప్రాంతంలో డీఎఫ్ఎఫ్‌లో, ప్రయాణాలకి దరఖాస్తు పెట్టుకోవాలని చదివారు. ఎవరు వింటారు? అప్పటికే జనం బోర్న్‌హోల్మర్ వీధి గేటు దగ్గర నిండిపోయారు. పదకొండున్నరకి గేటు తెరిచేశారు.

ఆ చలికాలమంతా, ఆ తర్వాత 1990 పొడుగునా, జనం డీఎఫ్ఎఫ్ చూశారు. పశ్చిమ టీవీ వాళ్ళు పశ్చిమ జర్మనీ గురించే మాట్లాడేవారు. మూతపడుతున్న తమ ఫ్యాక్టరీ గురించి, మారుతున్న డబ్బు గురించి, బళ్ళ గురించి, వాళ్ళ యాసలో మాట్లాడింది ఇదొక్కటే. కానీ రెండు జర్మనీలు కలిసే ఒప్పందంలో 36వ అధికరణం కింద, తూర్పు రేడియో, టీవీ సంస్థలు 1991 డిసెంబర్ 31కల్లా రాష్ట్రాలకి బదిలీ కావాలి లేదా రద్దు కావాలని రాశారు. దాన్ని అమలు చెయ్యడానికి బవేరియా నుంచి రూడోల్ఫ్ మ్యూల్‌ఫెంత్సెల్ వచ్చాడు. 1990 డిసెంబర్ 15న మొదటి ఛానల్‌ని పశ్చిమ జర్మనీ సంస్థకి ఇచ్చేశారు. మిగిలిన ఒక్క ఛానల్ ఇంకో ఏడాది నడిచి, కొత్త సంవత్సరం రాబోయే ఆ అర్ధరాత్రి ఆగిపోయింది. వేలమంది ఉద్యోగాలు పోయాయి, పక్కింటావిడది కూడా.

మూసెయ్యడం తప్పా? నేను చాలా ఆలోచించాను. అన్నేళ్ళు ప్రచారం చేసిన సంస్థని అలాగే ఉంచమని ఎవరూ అడగలేరు. రహస్య పోలీసులకి కబుర్లు మోసినవాళ్ళు కూడా లోపల ఉన్నారు. కానీ తప్పు చేసినవాళ్ళని తీసేసి మిగతావాళ్ళని ఉంచడానికి ప్రయత్నం చెయ్యొచ్చు కదా. ఏడాదిపాటు నిజం చెప్పి, జనం నమ్మకం సంపాదించి, అప్పుడు ఆగిపోవాల్సి రావడం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది. తూర్పున ఇవాళ్టికీ "మా గురించి మేం చెప్పుకునే చోటు లేదు" అని మాట్లాడేవాళ్ళ మాట వింటే ఆ 1991 గుర్తొస్తుంది.

జాంట్‌మెన్షెన్‌ని కూడా ఆపేస్తారని అప్పట్లో వార్త వచ్చింది. తల్లిదండ్రులు గోల చెయ్యడంతో దాన్ని ఆపలేకపోయారు. పశ్చిమ జర్మనీ వాళ్ళ తాత బొమ్మ అప్పటికే ఆగిపోయింది. ఇప్పుడు రోజూ సాయంత్రం 6:50కి పిల్లల ఛానల్‌లో తూర్పు బొమ్మే వస్తుంది, పాట కూడా 1959 నాటిదే. మా అమ్మాయి పళ్ళు తోముకుని సోఫా ఎక్కి కూర్చుంటుంది. పక్కింటావిడ ఆ టైముకి మా ఇంట్లో ఉంటే, ఎంత ముఖ్యమైన మాట చెబుతున్నా సరే, పాట మొదలవగానే ఆపేసి దాని పక్కన కూర్చుంటారు.