3-2 వరకే లెక్క

డిసెంబరు 9, మంగళవారం

ఉదయం మొదటి గంట క్లాసు ముగించుకుని గదికి వచ్చేసరికి ఫైనలియర్ అమ్మాయి ఒకతె మెమోల ఫైలు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. అమెరికాలో ఎం.ఎస్. కోసం ఐదు విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు చేస్తున్నానని, వాటిలో రెండింటికి ఈ నెల 15 ఆఖరు తేదీ అని, సిఫారసు లేఖ కావాలని చెప్పింది. తర్వాత గొంతు తగ్గించి, "మేడం, నా సీజీపీఏ పదికి 7.3. కన్సల్టెన్సీ వాళ్లు రెండున్నరతో భాగిస్తే నాలుగుకు 2.92 వచ్చింది, మూడు దాటలేదు కాబట్టి పెద్ద యూనివర్సిటీల జోలికి వెళ్లొద్దన్నారు. ఫోర్-వన్ రిజల్ట్స్ వస్తే పెరుగుతుంది కదా, అప్పటిదాకా ఆగమంటారా?" అని అడిగింది. సీజీపీఏ అంటే అన్ని సెమిస్టర్ల సగటు గ్రేడు; ఫోర్-వన్ (4-1) అంటే నాలుగో ఏడాది మొదటి సెమిస్టర్.

కూర్చోబెట్టి మెమోలు బల్ల మీద వరసగా పరిపించాను. 1-1లో 6.2, మ్యాథ్స్‌కు ఎదురుగా ఎఫ్ అని ఉంది, సప్లీలో పాసైన మెమో దాని వెనకాలే పిన్ను పెట్టి ఉంది. అక్కడి నుంచి 6.6, 6.9, 7.5, 8.1, చివరిగా 3-2లో 8.5. ఆరు సెమిస్టర్లలో ఒక్కసారి కూడా వెనక్కి తగ్గలేదు. మూడేళ్లుగా ఈ పిల్లకు పాఠం చెబుతున్నాను గానీ, ఈ అంకెలను ఇలా వరసగా పెట్టి ఎన్నడూ చూడలేదు. తనూ చూసుకున్నట్లు లేదు. ఆ పిల్లకు కనిపిస్తున్నదల్లా 7.3 ఒక్కటే.

అమెరికాలో చాలా గ్రాడ్యుయేట్ స్కూళ్లు నాలుగుకు కనీసం 3.0 జీపీఏ అడుగుతాయన్న మాట నిజమే. కానీ మన పది పాయింట్ల మార్కులను మనమే భాగించుకుని పంపమని అవి సాధారణంగా అడగవు. ఉన్నది ఉన్నట్లుగా నింపితే తమ పద్ధతిలో తామే చూసుకుంటాయి. పైగా అన్నిచోట్లా మొదటి రోజు నుంచీ లెక్కపెట్టరు. అర్బానా-షాంపేన్‌లోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం 3.0 అడిగేది డిగ్రీలోని చివరి రెండేళ్ల చదువుకు. ఆ అమ్మాయి చేతే లెక్క వేయించాను. ఇప్పటికి పూర్తయిన చివరి రెండేళ్లు, అంటే 2-1 నుంచి 3-2 వరకు నాలుగు సెమిస్టర్ల సగటు 7.75 వచ్చింది, ఆ కన్సల్టెన్సీ లెక్కలోనే భాగించినా 3.1 అవుతుంది. అదే 7.3 మన జేఎన్‌టీయూ హైదరాబాద్ సూత్రం ప్రకారం 68 శాతం. జర్మనీలో వాడే బవేరియన్ సూత్రంలో, పాస్‌కు కనీసం 5 అనుకుంటే, 2.62 అవుతుంది, అక్కడ అంకె ఎంత తగ్గితే అంత మంచిది. ఒక్క అంకె చూసి ఇరవై ఒక్కేళ్ల పిల్లకు నీకు రాదు అని చెప్పేయడం ఎంత అన్యాయమో ఆ కాగితం చూస్తుంటే నాకు బాధగా అనిపించింది.

ఆగాలా అన్న ప్రశ్నకు కూడా కాగితం మీదే జవాబు దొరికింది. 4-1లో 8.8 తెచ్చుకుంటుందనే అనుకుందాం. ఏడు సెమిస్టర్ల సగటు 7.51 అవుతుంది, అంటే పెరిగేది రెండు పదో వంతులు. దాని కోసం డిసెంబరు గడువు వదులుకోవడం తెలివైన పని కాదు. ఇప్పుడు పెట్టి, జనవరిలోనో ఫిబ్రవరిలోనో ఫలితాలు వచ్చాక ఆ మెమో తీసుకుంటారేమో శాఖకు మెయిలు రాసి కనుక్కోవచ్చు. ఎఫ్ గురించి దాచవద్దని, ఎస్ఓపీలో (దరఖాస్తుతో పాటు తన గురించి రాసే వ్యాసంలో) రెండు వాక్యాల్లో జరిగింది చెప్పి, తర్వాత ఏం చేసిందో మిగతా చోట రాయమని చెప్పాను.

తొందర గురించి కూడా పిల్లల్లో ఒక అపోహ ఉంది. గడువు ముగిశాక అన్ని దరఖాస్తులనూ ఒకేసారి కమిటీ ముందు పెట్టే చోట అక్టోబరులో పంపినా డిసెంబరులో పంపినా ఒకటే. ఆ రెండు నెలలు ఎస్ఓపీని దిద్దుకోవడానికి వాడుకుంటే మేలు. వచ్చిన దరఖాస్తును వచ్చినట్లే చూసుకుంటూ సీట్లు నింపే రోలింగ్ పద్ధతి ఉన్న చోట మాత్రం ఆలస్యం నిజంగా నష్టమే. అసిస్టెంట్‌షిప్‌కు (అక్కడే పనిచేస్తూ పొందే ఆర్థిక సహాయానికి) పరిశీలించాలంటే అసలు గడువు కన్నా ముందు తేదీ పెట్టే శాఖలూ ఉన్నాయి, ఆ తేదీ పేజీలో ఎక్కడో కింద ఉంటుంది. అడ్మిట్ ముందు వస్తే వీసాకు కావలసిన విశ్వవిద్యాలయ పత్రం ఐ-20 ముందు వస్తుంది, నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో వీసా స్లాట్ కోసం వేసవి రద్దీలో పడకుండా బయటపడవచ్చు. అప్పు మంజూరు పత్రం కోసం బ్యాంకు చుట్టూ తిరిగే కుటుంబాలకు ఆ రెండు నెలలు ఎంత విలువైనవో వాళ్లకే తెలుసు.

ఆలస్యం సంగతి నేను తేలిగ్గా మాట్లాడలేను. మూడేళ్ల కింద 8.9 ఉన్న కుర్రాడొకడు నన్నే లేఖ అడిగాడు. స్పాట్ వాల్యుయేషన్‌లో, అంటే పరీక్ష పేపర్లు దిద్దే పనిలో, మునిగి ఉన్నాను, లేఖ పంపే లింకు వచ్చిన మెయిలు అడుగుకు వెళ్లిపోయింది, నాలుగు రోజులు ఆలస్యంగా పంపాను. అప్పటికి అతని దరఖాస్తు అసంపూర్తి అని పడింది. అక్కడ సీటు రాలేదు. కారణం నా లేఖే అని ఎవరూ అనలేదు, అతనూ అనలేదు. అయినా డిసెంబరు వచ్చిందంటే ఆ పేరు గుర్తుకొస్తుంది.

మధ్యాహ్నం 2-1 వాళ్ల ల్యాబ్ ఉంది. పరికరాలు ఇచ్చే ముందు పది నిమిషాలు తీసుకుని బోర్డు మీద ఎనిమిది సెమిస్టర్లకు ఎనిమిది గళ్లు గీసి, చివరి రెండింటిని కొట్టేశాను. ఫైనలియర్ డిసెంబరులో దరఖాస్తు పెట్టేవాళ్ల చేతిలో ఉండేవి ఆరు మెమోలే, మీరిప్పుడు మూడోదాన్ని రాస్తున్నారు అన్నాను. వెనక బెంచీ నుంచి ఒకబ్బాయి లేచి, "ఇప్పటికే రెండు సప్లీలున్నాయి మేడం, నాకింక దారి ఉందా?" అని అడిగాడు. ఉదయం చూసిన అంకెలను, పేరు చెప్పకుండా, బోర్డు మీద రాసి చూపించాను. ఆ అబ్బాయి వాటిని నోటు పుస్తకంలో దించుకున్నాడు. ఈ మాట వీళ్లకు ఇన్నేళ్లుగా ఫైనలియర్‌లో తప్ప చెప్పలేదు నేను.

రాత్రి భోజనాలయ్యాక లేఖ మొదలుపెట్టాను. మీరు బోధించిన విద్యార్థుల్లో ఈమె స్థానం ఎక్కడ అని ఫారంలో గళ్లున్నాయి. మొదటి పది శాతం అని పెట్టలేను. ఇరవై ఐదు శాతం గడిని ఎంచుకుని, 6.2 నుంచి 8.5 వరకు ఆమె ఎలా నడిచిందో, సప్లీ రాసిన సెలవుల్లో రోజూ నా గదికి వచ్చి ఏ లెక్కలు అడిగేదో లేఖలో వివరంగా రాశాను. మూడు విశ్వవిద్యాలయాలకు పంపేశాను. మిగతా రెండింటి గడువు 15వ తేదీ రాత్రి 11:59, అమెరికా తూర్పు తీరపు కాలం; మనకు 16వ తేదీ ఉదయం 10:29. ఆ సమయానికి నాకు క్లాసు ఉంటుంది కాబట్టి, ఆ రెండూ రేపు రాత్రికే పంపేస్తానని ఆ అమ్మాయికి మెసేజ్ పెట్టాను.