ఇంట్రాన్‌లో మారిన ఒక్క అక్షరం
జన్యువులు ముక్కలుగా ఉంటాయని 1977లో ఫిలిప్ షార్ప్, రిచర్డ్ రాబర్ట్స్ బృందాలు అడినోవైరస్‌లో కనుగొన్న తరువాత, ఆ ముక్కల నడుమ ఉండి, జన్యువు నకలైన ఆర్‌ఎన్‌ఏ నుంచి ప్రోటీన్ తయారీకి ముందే కత్తిరించి తీసివేయబడే ఇంట్రాన్లను చాలాకాలం పనికిరాని సరుకుగా భావించారు. నేను ఆ మాటను అంగీకరించలేను. హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసు జన్యువులో రెండు ఇంట్రాన్లున్నాయి. మొదటిది 130 డీఎన్‌ఏ అక్షరాలు, రెండవది 850. వెన్నెముక గల జీవుల గ్లోబిన్ జన్యువుల్లో ఇవి కోట్ల ఏళ్లుగా దాదాపు అవే చోట్ల నిలిచి ఉన్నాయి. మొదటి ఇంట్రాన్‌లోని ఐదవ అక్షరం ‘జి’కి బదులు ‘సి’గా మారితే, ప్రోటీన్‌ను నిర్దేశించే భాగంలో ఏ మార్పూ లేకపోయినా, ఆర్‌ఎన్‌ఏను కత్తిరించవలసిన చోటును కణం సరిగా గుర్తించలేక, పనికివచ్చే ప్రతులు బాగా తగ్గిపోతాయి. భారతదేశంలో బీటా థలసీమియా అనే వంశపారంపర్య రక్తహీనతకు అత్యంత సాధారణ కారణం ఈ మార్పే. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఇది సంక్రమించిన బిడ్డకు సాధారణంగా కొద్ది వారాలకోసారి రక్తం ఎక్కించవలసి వస్తుంది.