మియాటాకి కొత్త చక్రాలు, ఎనిమిది చుట్ల లెక్క

పోయిన ఏడాది జూన్‌లో అమ్మానాన్న అమెరికాలో, మిషిగన్‌లో నేనుండే నోవై ఊరికి వచ్చినప్పుడు, నా కారు చూసి నాన్న అన్న మొదటి మాట: "రెండే సీట్లా? మరి మీ అమ్మని డిక్కీలో కూర్చోబెడతావా?"

2016 మాజ్దా ఎంఎక్స్-5. ఇక్కడ అందరూ మియాటా అంటారు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. నాన్న దాని చుట్టూ ఒకసారి తిరిగి, ముందు చక్రం దగ్గర వంగి, రెండో మాట అన్నారు. "ఇవి కంపెనీవి కాదు. ఎవడు బిగించాడు?"

ఆయన ముప్పై ఏళ్లు విజయవాడ ఆటోనగర్‌లో లారీల పని చేసిన మనిషి. ఆ ప్రశ్నకి నా దగ్గర సరైన జవాబు లేదు. పైగా ఆ వారమే ఐ-96 హైవే మీద 65 మైళ్ల స్పీడు దాటగానే స్టీరింగ్ సన్నగా వణకడం మొదలైంది. బ్యాలెన్సింగ్ తేడా అయ్యుంటుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకుంటున్నాను.

కంపెనీ చక్రం 17 అంగుళాలు, వెడల్పు 7 అంగుళాలు, ఆఫ్‌సెట్ (చక్రం వెడల్పుకి నడిమధ్య నుంచి అది హబ్బుకి ఆనే ముఖం దాకా ఉన్న దూరం) 45 మిల్లీమీటర్లు. నేను కొన్నది 17 అంగుళాలే, వెడల్పు 8, ఆఫ్‌సెట్ 35. వెడల్పు ఒక అంగుళం పెరిగితే లోపలికి 12.7 మిల్లీమీటర్లు, బయటికి 12.7 పెరుగుతుంది. ఆఫ్‌సెట్ పది తగ్గింది కాబట్టి మొత్తం చక్రం పది మిల్లీమీటర్లు బయటికి జరుగుతుంది. అంటే లోపల వైపు 2.7 మాత్రమే, బయట వైపు 22.7. ఈ లెక్క వేసుకునే కొన్నాను, అంతవరకు నా తప్పేమీ లేదు. ఆ తర్వాత షోకు కోసం ముందు రెండింటికీ 5 మిల్లీమీటర్ల స్పేసర్లు, అంటే చక్రాన్ని ఇంకా బయటికి జరపడానికి హబ్బుకీ చక్రానికీ మధ్య పెట్టే బిళ్లలు, వేయించాను. అది మాత్రం నా తప్పే.

శనివారం పొద్దున గరాజ్‌లో బండి లేపాం. వెనక చక్రాలకి చెక్కముక్కలు అడ్డం పెట్టి, గేర్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ లాగి, జాకీతో లేపాక కింద స్టాండ్లు పెట్టాం. ఎడమ ముందు చక్రం విప్పబోతుంటే నాన్న ఆపారు. "ఉండు, విప్పడం కాదు. ముందు ఎన్ని చుట్లు తిరుగుతుందో లెక్కపెట్టు."

పానాతో వదులు చేసి, తర్వాత చేత్తో తిప్పుతూ లెక్కపెట్టాను. ఆరు చుట్లు దాటీ దాటకముందే నట్టు చేతిలోకి వచ్చేసింది.

ఈ కారు స్టడ్డు (హబ్బు నుంచి బయటికి వచ్చి నట్టు ఎక్కే మరల కడ్డీ) మందం 12 మిల్లీమీటర్లు, మరకి మరకి మధ్య 1.5. స్టడ్డు ఎంత మందం ఉందో కనీసం అంత లోతు నట్టు ఎక్కాలన్నది అందరూ పాటించే లెక్క. 12ని 1.5తో భాగిస్తే ఎనిమిది చుట్లు. నా చక్రానికి ఆరు. స్పేసర్ తీసేసి చక్రం మళ్లీ పెట్టి చూస్తే తొమ్మిదిన్నర వచ్చింది. ఐదు మిల్లీమీటర్ల షోకు మూడు చుట్లకి పైగా తినేసింది. కుడివైపు ఫెండర్ లోపలి ప్లాస్టిక్ మీద టైరు ఒరుసుకున్న నల్లటి గీత కూడా కనబడింది. స్పేసర్లు రెండూ చెత్తబుట్టలో వేశాను. ఇంకొకరికి అమ్మడానికి కూడా మనసొప్పలేదు.

వణుకు సంగతి ఇంకోటి. మియాటా హబ్బు, అంటే చక్రం బిగించే ఇరుసు చివరి భాగం, మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే చోట అడ్డకొలత 54.1 మిల్లీమీటర్లు. బయటి కంపెనీల చక్రాలు చాలావాటిలాగే నావి కూడా అన్ని కార్లకీ సరిపోయేలా మధ్యలో 73.1 రంధ్రంతో వచ్చాయి. అంటే చుట్టూ 9.5 మిల్లీమీటర్ల ఖాళీ. ఆ ఖాళీని పూరించడానికి రింగులుంటాయి. చక్రాలతో పాటే కొన్నాను, టైర్ల షాపువాళ్ల చేతికే ఇచ్చాను. ఇప్పుడు డిక్కీ మూల చూస్తే చిన్న ప్లాస్టిక్ కవరులో నాలుగూ భద్రంగా ఉన్నాయి, సీలు కూడా తీయలేదు. స్పేసర్ పెట్టాక ముందు హబ్బు మీద రింగు పట్టుకోడానికి చోటు పెద్దగా మిగల్లేదన్నది నిజమే, కానీ వెనక వాటికేమైంది?

రింగు బరువు మోస్తుందని చాలామంది అనుకుంటారు. మోయదు. బిగించేటప్పుడు చక్రాన్ని నడిమధ్యలో నిలబెట్టడం వరకే దాని పని. బండి బరువుని మోసేది నట్ల బిగింపు వల్ల చక్రం వెనక ముఖానికీ హబ్బు ముఖానికీ మధ్య పుట్టే ఒరిపిడి. అందుకే ఆ రెండు ముఖాలూ శుభ్రంగా ఉండాలి. మిషిగన్‌లో చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కదా, నా హబ్బు మీద తుప్పు పెచ్చులు పెచ్చులుగా ఉంది. నాన్న వైర్ బ్రష్షు తీసుకుని ఒక్కో హబ్బు దగ్గరా పావుగంట కూర్చున్నారు. రింగులు కూడా ప్లాస్టిక్‌వే తీసుకోండి. అల్యూమినియంవి ఈ ఉప్పుకి అతుక్కుపోయి, చక్రం ఊడిరావాలంటే తన్నాల్సి వస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం మా ఇద్దరికీ తేడా వచ్చింది. స్టడ్డుకి ఒక చుక్క నూనె వేద్దామన్నారు నాన్న. మాజ్దా పుస్తకంలో ఇచ్చిన బిగింపు, 80 నుంచి 108 ఫుట్‌పౌండ్లు, పొడి మరలకి. నూనె వేస్తే టార్క్ రించికి (ఎంత బలంతో బిగించామో చూపే పానా) అదే అంకె వచ్చినా స్టడ్డు అంతకంటే చాలా ఎక్కువ సాగుతుంది. "లారీకి వేసేవాళ్లం" అన్నారు. "ఇది లారీ కాదు నాన్నా" అన్నాను. ఒప్పుకోలేదు గానీ నూనె డబ్బా పక్కన పెట్టేశారు.

ఈసారి రింగులు పెట్టి, నట్లన్నీ ముందు చేత్తోనే ఎక్కించి, ఎదురెదురుగా బిగించాం. షాపులో లాగా నట్లు బిగించే గన్ను పెట్టి టర్రుమనిపించలేదు. చక్రం నేలకి ఆనాక టార్క్ రించి 90 మీద పెట్టాను. ఒక చక్రం నాన్న తన చేతి లెక్కతో బిగించారు. నేను రించి పెట్టి చూస్తే మూడు నట్లు వెంటనే క్లిక్కుమన్నాయి, నాలుగోది ఇంకో పావు చుట్టు తిరిగింది. ఆయన దాన్ని చూసి ఏమీ అనకుండా, రించి ఎంతకి కొన్నావని అడిగారు.

గాలి చూస్తే టైర్లలో 38 పీఎస్ఐ ఉంది. తలుపు దగ్గర స్టిక్కర్ మీద 29. ఈ కారు బరువే దాదాపు 1,060 కేజీలు, పెద్ద బండి లెక్కన గాలి కొట్టేస్తే రోడ్డు మీద గెంతుతుంది.

ఆ సాయంత్రం ఐ-96 ఎక్కితే వణుకు లేదు. అరవై మైళ్లు తిరిగాక మళ్లీ రించి పెడితే రెండు నట్లు కొంచెం కదిలాయి. కొత్త చక్రాల్లో నట్టు కూర్చునే చోట రంగు నలిగి బిగింపు తగ్గుతుంది, అందుకే ఈ రెండోసారి చూడటం తప్పనిసరి. నవంబర్‌లో వీటిని తీసేసి కంపెనీ చక్రాలకి చలికాలం టైర్లు వేసుకుంటాను. మార్చి గుంతలకి రిమ్ము లోపలి అంచు వంగుతుంది, బయటినుంచి చూస్తే తెలియదు. చక్రం గాల్లో ఉన్నప్పుడు తిప్పి, పక్కన ఒక పెన్సిల్ కదలకుండా పట్టుకుంటే ఎక్కడ దూరం మారుతోందో కనబడుతుంది. కడగడానికి మామూలు కార్ షాంపూ చాలు, అదీ చక్రం చల్లబడ్డాకే.

ఇంకోటి. ఈ చక్రాల్లో నట్లు పట్టే రంధ్రాలు ఇరుకు కాబట్టి నట్లకి ప్రత్యేకమైన కీ ఉంటుంది, అది లేకపోతే రోడ్డు మీద ఏ పానా పనిచేయదు. మియాటాలో డాష్‌బోర్డ్‌కి గ్లవ్‌బాక్స్ కూడా లేదు. సీట్ల మధ్య వెనకాల చిన్న తాళం అర ఉంది. ఊరెళ్లే ముందు రోజు నాన్న ఆ కీకి ఎర్రదారం కట్టి అందులో పెట్టి, అర తెరిచి మూసి, నా చేత కూడా ఒకసారి తెరిపించారు.