ఇంటి డెమోకు ముందు ఇంటావిడ చేతికిచ్చే ఫోల్డరు

ఇళ్లలో డెమోలు పెట్టి వంటింటి సామాను అమ్మే పనిలో ఉన్నవాళ్లం ఎలా అమ్మాలో ఒకరికొకరం చాలా చెప్పుకుంటాం గానీ, డెమో జరిగే ఇంటి ఆవిడకు ముందుగా ఏం అందించాలన్న సంగతిని మాత్రం కంపెనీ ఇచ్చిన కవరుకే వదిలేస్తుంటాం. ఆ కవరు విప్పితే సాధారణంగా ఒక రంగుల కేటలాగు, ఇంగ్లీషులో ఒక బహుమతుల పట్టిక, మీరూ మాతో చేరండి అనే కరపత్రం ఉంటాయి. ఇవన్నీ అమ్మేవాళ్ల అవసరాలు. ఇల్లు ఇస్తున్న ఆవిడ మనసులో ఉండే ప్రశ్నలు వేరు. ఎవరిని పిలవాలి, ఏమని పిలవాలి, వచ్చినవాళ్లకు ఏం పెట్టాలి, ఎవరూ కొనకపోతే నలుగురిలో ఎలా ఉంటుంది, డబ్బులు ఎవరి చేతికి ఇవ్వాలి, నెల తిరక్కుండానే మూత బిగుసుకోవడం లేదంటూ పక్కింటావిడ తలుపు తడితే ఏం చెప్పాలి? నేను తయారుచేసే ఫోల్డరులో ప్రతి కాగితమూ వీటిలో ఏదో ఒక ప్రశ్నకు జవాబుగా ఉండాలనీ, అలా లేని కాగితం ఎంత అందంగా ఉన్నా లోపలికి వెళ్లకూడదనీ నియమం పెట్టుకున్నాను.

ఈ పద్ధతిలో ఇంటావిడే కీలకం కావడం ఇవాళ్టి సంగతి కాదు. అమెరికాలో స్టాన్లీ హోమ్ ప్రొడక్ట్స్ అనే సంస్థ ఇంటి పనికి కావలసిన సామానును ఇళ్లలోనే, నలుగురినీ కూర్చోబెట్టి చూపించి అమ్మేది. ఆ సంస్థ సరుకు అమ్మిన అనుభవంతోనే బ్రౌనీ వైజ్ అనే ఆవిడ టప్పర్‌వేర్ కంపెనీ ప్లాస్టిక్ డబ్బాలను కూడా ఇళ్లలోకి తీసుకెళ్లారు. మూత నొక్కి లోపలి గాలి తీసే కిటుకు ఎవరో ఒకరు చేసి చూపిస్తే తప్ప ఆ డబ్బా గొప్పతనం తెలియదు కనుక దుకాణం అరలో కదలని సరుకు ఇంటి హాల్లో అమ్ముడుపోయింది. 1951లో కంపెనీ దుకాణాల అమ్మకాన్నే మానేసి పూర్తిగా ఇంటి పార్టీల మీద ఆధారపడింది. 1954లో బిజినెస్ వీక్ పత్రిక ముఖచిత్రానికి ఎక్కిన తొలి మహిళ బ్రౌనీ వైజే. 1958 వచ్చేసరికి అదే కంపెనీ ఆమెను తొలగించింది, అది వేరే కథ. టప్పర్‌వేర్ మన దేశానికి 1996లో వచ్చింది. 2024 సెప్టెంబరులో అమెరికాలోని మాతృసంస్థ దివాలా రక్షణ కోరుతూ కోర్టుకు వెళ్లింది. ఆ కంపెనీ కష్టనష్టాలు ఎలా ఉన్నా, తెలిసిన ఇంట్లో, తెలిసినవాళ్ల మధ్య కూర్చుని వస్తువును చేత్తో పట్టుకుని చూసే అలవాటు మాత్రం పోలేదు. మన అపార్టుమెంట్లలో చీరలు, వన్ గ్రామ్ గోల్డ్ నగలు, డబ్బాలు, గిన్నెలు ఇప్పటికీ ఇలాగే అమ్ముడవుతున్నాయి.

ఫోల్డరులో మొదటి కాగితం నా గురించి ఉంటుంది. పేరు, ఫోన్ నంబరు, ఏ కంపెనీ సరుకు తెస్తున్నాను, నా నమోదు సంఖ్య, గుర్తింపు కార్డు జిరాక్స్. ఇది మర్యాద కోసం మాత్రమే కాదు. 2021 డిసెంబరులో కేంద్రం నోటిఫై చేసిన వినియోగదారుల రక్షణ (డైరెక్ట్ సెల్లింగ్) నిబంధనల ప్రకారం అమ్మేవారు గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా సమయం తీసుకోకుండా కొనేవారి ఇంటికి వెళ్లకూడదు. తామెవరో, ఏ సంస్థ తరఫున వచ్చారో, ఎందుకు వచ్చారో అవతలివారు అడగకముందే నిజాయితీగా చెప్పాలి. ఇంటావిడ దగ్గర ఈ కాగితం ఉంటే, ఎవరో ఒక పెద్దాయన ఎవరమ్మా ఈవిడ అని అడిగినప్పుడు ఆవిడ తడుముకోవలసిన అవసరం ఉండదు. ఇదే కాగితం అడుగున రెండు వాక్యాలు పెద్ద అక్షరాలతో వేస్తాను. డెమోకు ఇల్లు ఇచ్చినంత మాత్రాన మీరు ఏ కంపెనీలోనూ చేరినట్టు కాదు, మీరు కట్టవలసిన డబ్బు ఏదీ లేదు. కొత్తవాళ్లను చేర్పించినందుకే డబ్బు ఇచ్చే పిరమిడ్ పథకాలను ఆ నిబంధనలు నిషేధించాయి, మనీ సర్క్యులేషన్ పథకాల మీద 1978 నుంచే చట్టం ఉంది. అయినా గొలుసుకట్టు వ్యాపారాల్లో చేతులు కాల్చుకున్న ఇల్లు ప్రతి వీధిలోనూ ఒకటి ఉంటుంది కాబట్టి ఈ అనుమానం సహజం, ముందే తీర్చాలి. మీరూ చేరండి అనే కరపత్రాన్ని నేను ఫోల్డరులో పెట్టకపోవడానికి కారణం కూడా ఇదే.

రెండోది పిలుపుల కాగితం. అన్నిటికంటే ఎక్కువ ఆలోచించవలసింది దీని గురించే. మన దగ్గర ఇంటికి పిలవడమంటే పేరంటమో, వ్రతమో, పుట్టినరోజో అనుకుంటారు. బొట్టు పెట్టి పిలిచినట్టు పిలిస్తే వచ్చినవాళ్లు తాంబూలం కోసం చూస్తారు. కేటలాగు బయటికి తీసేసరికి మొహాలు మారిపోతాయి, ఆ ఇబ్బంది అంతా ఇంటావిడదే అవుతుంది. అందుకని ఇది అమ్మకం అని పిలుపులోనే తెలియాలి, కొనకపోయినా ఫర్వాలేదని కూడా అందులోనే ఉండాలి. వాట్సాప్‌లో పంపుకోవడానికి వీలుగా ఒక నమూనా రాసి ఇస్తాను: “నమస్కారమండీ. శనివారం పొద్దున 11 గంటలకు మా ఇంట్లో వంటింటి డబ్బాల డెమో పెట్టిస్తున్నాను. ఒకావిడ వచ్చి చూపిస్తారు, నచ్చినవాళ్లు ఆర్డరు ఇవ్వచ్చు, కొనాలన్న నియమమేమీ లేదు. గంటన్నరలో అయిపోతుంది. కాఫీ తాగి వెళ్దురు గాని, రండి.” అక్కా, వదినా, ఆంటీ అని ఎవరికి తగ్గట్టు వాళ్లకు మొదట్లో చేర్చుకోమని పక్కన రాస్తాను. కంపెనీ పంపే రంగుల ఆహ్వానం కంటే ఈ నాలుగు ముక్కలకే మనుషులు వస్తారు, ఎందుకంటే అది ఆవిడ మాటలా వినిపిస్తుంది.

పిలుపుల కాగితం వెనకవైపు పేర్ల జాబితాకు ఖాళీ గళ్లు ఉంటాయి. ఊరికే పేర్లు రాయండి అంటే అయిదారు దగ్గర కలం ఆగిపోతుంది. మన ఫ్లోరు వాళ్లు, స్కూలు బస్సు దగ్గర కలిసేవాళ్లు, లలితా పారాయణం బృందం, ఆఫీసు స్నేహితులు, ఊళ్లోనే ఉన్న పుట్టింటివాళ్లు, అత్తింటివాళ్లు అని ఒక్కో గడికి ఒక శీర్షిక ఇస్తే చెయ్యి దానంతటదే కదులుతుంది. పిలిచినవాళ్లలో సగం మందీ రారు కనుక హాల్లో పట్టేవాళ్లకు రెట్టింపు మందిని పిలుచుకోమంటాను. ఈ జాబితా మాత్రం ఆవిడ దగ్గరే ఉండాలి. అతిథుల ఫోన్ నంబర్లు ముందుగానే తీసుకుని తామే ఫోన్లు చేసే అమ్మకందారులను నేను చూశాను, నాకది నచ్చదు. నమ్మి ఇంటికి వచ్చినవాళ్ల నంబర్లు ఆవిడకు తెలియకుండా నా ఫోనులోకి రావడం మర్యాద కాదు. ఆర్డరు ఇచ్చేవాళ్లు వాళ్లంతట వాళ్లే నంబరు ఇస్తారు.

తేదీ నిర్ణయించుకోవడానికి అరపేజీ చాలు. శ్రావణమాసంలో శుక్రవారాలు వద్దు, పరీక్షల రోజులు వద్దు. మంగళవారం, అమావాస్య పట్టింపులు ఉన్నవాళ్లు కొత్త వస్తువుకు డబ్బు కట్టడానికి వెనకాడతారు. వారపు రోజుల్లో అయితే పొద్దున పదకొండు గంటల వేళ బాగుంటుంది, మూడున్నర దాటితే పిల్లల బస్సు కోసం అందరి కళ్లూ గడియారం మీదే ఉంటాయి. జీతాలు పడిన మొదటి వారం ఎప్పుడూ మంచిదే.

ఇక కేటలాగు, ధరల పట్టిక. కేటలాగులు రెండో మూడో ఇస్తే చాలు. ధరల పట్టిక మీద మాత్రం తేదీ తప్పనిసరి. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారినప్పుడు వంటింటి స్టీలు పాత్రల మీద పన్ను 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పాత పట్టిక పట్టుకుని ఇంటావిడ ధర చెబితే, బిల్లులో వేరే అంకె వస్తే, అది తగ్గిన అంకె అయినా సరే, మాటపడేది ఆవిడే. అందుకే ప్రతి ఫోల్డరు ఇచ్చే ముందు పట్టిక కొత్తగా ముద్రించి, అన్ని పన్నులూ కలిపిన ధర ఒక్కటే వేస్తాను.

కేటలాగుకు తోడుగా నేను సొంతంగా తయారుచేసుకున్న ఒక పేజీ ఉంది, ఫోల్డరు మొత్తంలో ఎక్కువ చేతులు మారేది అదే. కంపెనీ డబ్బాల కొలత లీటర్లలో చెబుతుంది, మన ఇళ్లలో సరుకు వచ్చేదేమో కిలోల్లో. కిలో కందిపప్పు పడుతుందా అన్నది డెమోకు రాలేనివాళ్లు కూడా ఫోన్ చేసి అడిగే మొదటి ప్రశ్న. కిలో బియ్యమైనా పప్పయినా లీటరు డబ్బాలో పట్టదు, లీటరుంపావు డబ్బా కావాలి. పిండిలో గాలి ఎక్కువ కాబట్టి కిలో గోధుమపిండికి దాదాపు రెండు లీటర్లది ఉండాలి. నూనె సంగతి మాత్రం వేరు, లీటరు ప్యాకెట్టు మీద 910 గ్రాములని ఉంటుంది. ఈ లెక్కను కేటలాగులో ఉన్న ఒక్కో డబ్బాకూ వేసి, ఇది కిలో పప్పుకు, ఇది అరకిలో రవ్వకు, ఇది రెండు కిలోల పిండికి అని ఎదురుగా రాసిపెడితే ఇంటావిడ నా సాయం లేకుండానే జవాబు చెప్పగలుగుతుంది. అదే పేజీ కింది సగంలో ప్లాస్టిక్ సంగతులు ఉంటాయి. డబ్బా అడుగున త్రికోణంలో 5 ఉంటే అది పాలీప్రొపిలీన్, 2 అయినా 4 అయినా పాలిథిలిన్ రకాలు. అంకె ఏదైనా సరే, మైక్రోవేవ్‌లో పెట్టవచ్చనే గుర్తు విడిగా ఉంటేనే పెట్టాలి. పసుపు, కారం మరకలు పడతాయని కూడా దాచకుండా రాస్తాను. ఆవకాయకు జాడీని మించినది లేదని, మా డబ్బా అందుకు వద్దని రాసిన వాక్యం చూసి మా పై లీడరు ఒకావిడ కోప్పడ్డారు గానీ, ఆ వాక్యం చదివినవాళ్లే మిగతా పేజీని నమ్ముతున్నారు.

రాలేనివాళ్ల కోసం ఆర్డరు ఫారాలు అయిదారు పెట్టాలి. పేరు, ఫ్లాటు నంబరు, వస్తువు, ఎన్ని, ఏ రంగు, ధర. రంగు గడి లేని ఫారం ఇస్తే సరుకు పంచేటప్పుడు గొడవ ఖాయం.

ఇల్లు ఇచ్చినందుకు ఇంటావిడకు వచ్చే బహుమతి లెక్క ఒక ఉదాహరణతో ఉంటే తప్ప అర్థం కాదు. అమ్మకంలో పది శాతం విలువకు బహుమతి అనుకుందాం. 12,000 రూపాయల ఆర్డర్లు వచ్చి, అందులో 2,000 రూపాయలవి రద్దయితే ఆవిడకు దక్కేది 1,000 రూపాయల వస్తువు, 1,200 రూపాయలది కాదు. ఈ మాట ముందే కాగితం మీద ఉండాలి. తర్వాత నోటితో చెబితే అది కోత కోసినట్టే వినిపిస్తుంది.

ఏర్పాట్ల కాగితం చిన్నది. బల్ల ఒకటి, దగ్గరలో ప్లగ్ పాయింటు, కూర్చోవడానికి చాపలు లేదా కుర్చీలు, తాగడానికి నీళ్లు. తినడానికి ఒక్క రకం చాలు, కాఫీ లేదా మజ్జిగతో సరి. ఈ ఒక్క రకం అన్న మాట కింద గీత గీస్తాను. మన ఆడవాళ్లు ఇంటికి పదిమంది వస్తున్నారంటే గారెలు, పులిహోర మొదలుపెడతారు. ఆ శ్రమ చూసిన పక్కింటావిడ, మన ఇంట్లో పెట్టిస్తే మనమూ ఇంత చెయ్యాలేమో అనుకుని తర్వాతి డెమోకు ఒప్పుకోదు.

చివరి కాగితం డెమో అయిపోయాక జరిగేవాటి గురించి. డబ్బు ఇంటావిడ చేతుల మీదుగా నడవదు, కొన్నవారే యూపీఐలో కట్టి బిల్లు తీసుకుంటారు. సరుకు ఒక్కొక్కరి పేరుతో వేర్వేరు సంచుల్లో వస్తుంది. ఆర్డరు రద్దు చేసుకునే హక్కు, తిరిగి అమ్మదగిన స్థితిలో ఉన్న వస్తువును వాపసు ఇచ్చి పూర్తి డబ్బు తీసుకునే హక్కు గురించి, ఫిర్యాదు ఎవరికి చెయ్యాలన్న దాని గురించి కొనేవారికి తెలియజెయ్యడం పైన చెప్పిన నిబంధనల్లోనే ఉంది. కంపెనీ ఎన్ని రోజుల గడువు ఇస్తుందో, నా నంబరు, కంపెనీ నంబరు, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 వరుసగా రాస్తాను. మూత పోయిందని వచ్చినావిడకు ఈ కాగితం చూపిస్తే ఇంటావిడ బాధ్యత తీరిపోయినట్టే.

అమెరికాలో ఉన్న మనవాళ్లు కొందరు ఇళ్ల బేస్‌మెంట్లలో చీరలు, నగలు పెట్టి అమ్ముతున్నారు, వాళ్లకు ఈ చివరి కాగితం ఇంకా ముఖ్యం. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కూలింగ్ ఆఫ్ నిబంధన ప్రకారం కొనేవారి ఇంట్లోనే జరిగితే 25 డాలర్లు, అమ్మేవారి దుకాణం కాని వేరే చోట జరిగితే 130 డాలర్లు, అంతకు మించిన అమ్మకాన్ని కొన్నవారు మూడు పనిదినాల్లోగా రద్దు చేసుకోవచ్చు. ఇంటి పార్టీల అమ్మకాలకూ అది వర్తిస్తుంది, రద్దు ఫారం రెండు ప్రతులు అమ్మేవారే ఇవ్వాలి. కాబట్టి అక్కడి ఫోల్డరులో ఆ ఫారాలు వచ్చే అతిథుల సంఖ్యకు రెట్టింపు ఉండాలి.

ఇవన్నీ తెలుగులో, కళ్లజోడు లేకుండా చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో, కేటలాగులు, ఆర్డరు ఫారాలు కాక ఎనిమిది కాగితాలకు మించకుండా ఉండాలి. లావైన ఫోల్డరు నేరుగా ఫ్రిజ్ మీదికి ఎక్కుతుంది, మళ్లీ కిందికి దిగదు. డెమోకు రెండు వారాల ముందు స్వయంగా వెళ్లి, పిలుపుల కాగితం పైకి కనిపించేలా పెట్టి ఇవ్వడం మంచిది, కొరియర్లో పంపితే తెరిచేవాళ్లు తక్కువ. డెమో అయ్యాక కేటలాగులు, మిగిలిన ఫారాలు వెనక్కి తీసుకుంటాను, పాత ధరల పట్టికను అక్కడే చింపేస్తాను. పేర్ల జాబితా, నా వివరాల కాగితం, ఫిర్యాదుల కాగితం, లీటర్ల లెక్క ఉన్న పేజీ ఆవిడ దగ్గరే ఉంటాయి.