టాప్ మోటారుకు చేరని కరెంటు: పాత కన్వర్టిబుల్‌తో నా అనుభవం

విజయనగరంలో మా మేనమామ గారింట్లో 1964 నాటి షెవ్రొలే ఇంపాలా కన్వర్టిబుల్ ఒకటి ఉంది. దాని గుడ్డ టాప్‌ను మోటారుతో లేపి దించే ఏర్పాటు చాలాకాలంగా మొరాయిస్తూ ఉండేది. స్విచ్ నొక్కితే టాప్ సగం వరకు బరువుగా లేచి నిలిచిపోయేది. ఆ తరువాత బండి ముందు భాగంలో ఎక్కడో టిక్కుమని శబ్దం వచ్చి మోటారు పూర్తిగా ఆగిపోయేది. కాసేపు వదిలేస్తే మళ్లీ కొంత కదిలేది. మోటారు కాలిపోయి ఉంటుందని, అమెరికా నుంచి కొత్త పంపు తెప్పించుకోవడమే మార్గమని చూసినవారు చాలామంది చెప్పారు. ఆ పంపు కొనకుండానే లోపం ఎలా దొరికిందో, ఇలాంటి బండ్లు ఉంచుకున్నవారి కోసం వివరంగా రాస్తున్నాను.

ముందు ఈ ఏర్పాటు పనిచేసే తీరు చెప్పాలి. వెనుక సీటు వెనుక ఒక డీసీ మోటారు, దానికి బిగించిన చిన్న హైడ్రాలిక్ పంపు ఉంటాయి. మోటారు ఒక వైపు తిరిగితే ఆయిల్ రెండు పక్కలా ఉన్న సిలిండర్ల అడుగు భాగానికి చేరి టాప్‌ను లేపుతుంది, రెండో వైపు తిరిగితే పై భాగానికి చేరి దించుతుంది. మోటారులో ఒక్కో దిశకు ఒక్కో ఫీల్డ్ వైండింగ్ (అయస్కాంత బలం పుట్టించే తీగ చుట్ట) ఉంటుంది కనుక స్విచ్ నుంచి దానికి రెండు వైర్లు వస్తాయి. ఏ వైరు ద్వారా వచ్చిన కరెంటైనా తిరిగి వెళ్లేది మాత్రం మోటారు ఒంటి మీదుగా, బాడీ ఎర్త్ ద్వారానే. ఇది ఆరు వోల్టుల మోటారేమోనన్న అనుమానం కూడా ఒకరు వెలిబుచ్చారు కానీ, షెవ్రొలే కార్లు 1955 నుంచే 12 వోల్టులకు మారాయి కాబట్టి దానిని పక్కన పెట్టాం.

లోపం ఆయిల్‌ వైపు ఉందా, కరెంటు వైపు ఉందా అన్నది చెవితోనే చాలావరకు తేలుతుంది. మోటారు హుషారుగా, సన్నని గొంతుతో తిరుగుతూ టాప్ లేవకపోతే ఆయిల్ తగ్గిందనో, గొట్టాల్లో గాలి చేరిందనో అనుకోవచ్చు. మా బండిలో మోటారే మూలుగుతూ, అంతకంతకూ నెమ్మదించేది. పైగా స్విచ్ పిడి చేతికి వేడిగా తగిలేది. అందువల్ల మేం హైడ్రాలిక్ భాగాన్ని విప్పలేదు.

ఆటో ఎలక్ట్రీషియన్ మోటారు వైరుకు టెస్ట్ ల్యాంపు పెట్టి చూసి, "కరెంటు బాగానే వస్తోంది బాబూ, మోటారే పోయింది" అన్నారు. ల్యాంపు నిజంగానే తెల్లగా వెలిగింది. అయితే అయిదు వాట్ల బల్బు లాగేది అర ఆంపియరు కూడా ఉండదు. అంత కొద్ది కరెంటు తుప్పు పట్టిన అతుకుల గుండా కూడా ఇబ్బంది లేకుండా వచ్చేస్తుంది. మా మోటారు పనిచేసేటప్పుడు, వైరు చుట్టూ తగిలించి కరెంటు కొలిచే క్లాంప్ మీటరులో 35 ఆంపియర్లు చూపించింది. అందుకే వైరు విప్పి వోల్టేజీ కొలవడం కాకుండా, వైర్లన్నీ తగిలించి ఉండగానే, ఒకరు స్విచ్ నొక్కి పట్టుకుంటే మరొకరు మీటరు చూడాలి. ఈ పనికి ముందు అద్దం చట్రం దగ్గరి గొళ్లాలు విడిపించి, టాప్ ముడుచుకునే చోట సామాను లేకుండా చూసుకోవాలి, టాప్ చట్రం మడిచే కీళ్ల దగ్గర వేళ్లు పెట్టకూడదు.

అలా కొలిస్తే బ్యాటరీ దగ్గర 12.0 వోల్టులు, మోటారు దగ్గర 8.2 వోల్టులు వచ్చాయి. అంటే 3.8 వోల్టులు దారిలోనే పోతున్నాయి. అవి ఎక్కడ పోతున్నాయో కనిపెట్టడానికి మీటరు ఒక కొనను బ్యాటరీ నెగటివ్ మీద, రెండో కొనను మోటారు ఒంటి మీద ఆనించి స్విచ్ నొక్కించాం. 1.6 వోల్టులు చూపించింది. ఎర్త్ బాగుంటే అక్కడ దాదాపు ఏమీ కనిపించకూడదు. తరువాత స్విచ్‌లోకి వచ్చే వైరుకూ, స్విచ్ నుంచి పోయే వైరుకూ మధ్య కొలిస్తే 1.5 వోల్టులు. మిగిలిన 0.7 పొడవాటి వైర్లలోనూ, కరెంటు మితిమీరితే దానంతటదే తెంచే బ్రేకర్ టెర్మినళ్లలోనూ పంచుకుని ఉంది. 35 ఆంపియర్ల దగ్గర ఒకటిన్నర వోల్టు పోవడమంటే, వేలెడంత లేని స్విచ్‌లో యాభై వాట్లకు పైగా వేడి పుట్టడం. పిడి ఎందుకు కాలుతోందో మీటరు తేల్చేసింది.

అన్నిటికన్నా ఎర్త్ గురించే ఎక్కువ చెప్పాలి. శబ్దం బాడీకి పాకకుండా ఈ మోటారును రబ్బరు దిమ్మల మీద కూర్చోబెడతారు. కాబట్టి దాని ఎర్త్ అంతా ఒకే ఒక్క వైరు మీద, నేల రేకుకు బిగించిన ఒక్క స్క్రూ మీద ఆధారపడి ఉంటుంది. మా బండికి ఎప్పుడో రంగు వేయించినప్పుడు ఆ వైరు కొసన ఉండే లగ్గు (స్క్రూ కింద బిగించే లోహపు బిళ్ల) కింద కూడా రంగు పడింది. సముద్రం పాతిక కిలోమీటర్ల లోపే ఉన్న ఊరు కనుక మిగతా పని ఉప్పుగాలి చేసింది. 2014లో హుద్‌హుద్ తుపాను వచ్చాక షెడ్డులో చెమ్మ చాన్నాళ్లు ఆరలేదని మామయ్య చెప్పారు. రేకును మెరిసేదాకా గీకి, కొత్త లగ్గు క్రింప్ చేసి, పళ్ల వాషరుతో బిగించి, పైన వ్యాజలీన్ పూశాం. ఇంజనుకూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీని కూడా మార్చాం. ఈ బండిలో బాడీ ఛాసీ మీద రబ్బర్లపైనే కూర్చుంటుంది కాబట్టి ఆ పట్టీని తేలికగా తీసుకోకూడదు.

స్విచ్ విప్పితే పాయింట్లు గుంటలు పడి నల్లబడి ఉన్నాయి. సన్నని ఎమెరీ పేపరుతో శుభ్రం చేసినా అవి ఎక్కువ కాలం నిలవవనిపించి, ఒక్కో దిశకు ఒకటి చొప్పున రెండు 12 వోల్టుల 40 ఆంపియర్ల రిలేలు (కొద్ది కరెంటుతో పెద్ద కరెంటును కలిపి తెంచే అయస్కాంత స్విచ్‌లు) పెట్టించాం. ఇక స్విచ్ రిలే కాయిల్‌ను మాత్రమే నడుపుతుంది, మోటారు భారం దాని మీద ఉండదు. పాత బండిలో కొత్త భాగాలు చేర్చడం కొందరికి నచ్చదని నాకు తెలుసు. అసలు వైరింగును ఎక్కడా కోయకుండా, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసివేసేలా అమర్చాం గనుక నాకు అభ్యంతరం కనిపించలేదు. ఇంత దూరం వచ్చాక బ్రేకర్‌ను తీసేసి నేరుగా కలిపేద్దామన్న సలహా కూడా వచ్చింది. దానికి నేను ససేమిరా ఒప్పుకోలేదు. ఆ టిక్కుమన్న శబ్దం దానిదే. నెమ్మదించిన మోటారు ఎక్కువ కరెంటు లాగినప్పుడల్లా వైర్లు అంటుకోకుండా కాపాడింది అదే. రిలేలకు వెళ్లే కొత్త వైరును కూడా దాని తరువాతే కలిపించాను.

మోటారును ఆర్మేచర్ వైండింగ్ చేసే దుకాణంలో విప్పిస్తే వైండింగ్ చెక్కుచెదరలేదు. కార్బన్ బ్రష్‌లు మాత్రం అరిగిపోయాయి. ఆ కొలతవి దొరకక, సెల్ఫ్ మోటారు బ్రష్‌లను అరగదీసి సరిపెట్టారు.

అన్నీ బిగించాక అదే పద్ధతిలో మళ్లీ కొలిస్తే మోటారు దగ్గర 11.2 వోల్టులు వచ్చాయి, టాప్ మధ్యలో తడబడకుండా అద్దం చట్రం దాకా వెళ్లి ఆనింది. మోటారుకు పూర్తి బలం వచ్చాక ఎడమ సిలిండరు కడ్డీ దగ్గర ఆయిల్ చెమ్మ కనిపించింది. ఆయిల్ మట్టం తగ్గకుండా చూసుకుంటున్నాం. సీళ్లు తెప్పించే ముందు పాత ఆయిల్ బ్రేక్ ఫ్లూయిడా, ఏటీఎఫా (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసే ఆయిల్) అన్నది తేల్చుకోవాలి, ఎందుకంటే ఒకదానికి తగిన రబ్బరు మరొకదానిలో ఉబ్బి పాడవుతుంది.