అరవై మీటర్ల రోడ్డులో ఇంగ్లిష్ క్లాసు

2019 సెప్టెంబర్‌లో, ఇంకా తెల్లారకముందే ఇరాక్ ఉత్తరాన కుర్దుల ప్రాంతానికి రాజధాని అయిన ఎర్బిల్‌లో దిగాను. ఇమిగ్రేషన్ కౌంటర్‌లో కుర్రాడు నా పాస్‌పోర్టు అటూ ఇటూ తిప్పి "కంపెనీ?" అన్నాడు. "కాదు, టీచర్" అన్నాను. "ఓ, మామోస్తా!" అంటూ స్టాంపు గుద్దాడు. కుర్దుల భాషలో బడిలో పంతులైనా మసీదులో ముల్లా అయినా మామోస్తాయే. అమీర్‌పేటలో ఏడేళ్లు స్పోకెన్ ఇంగ్లిష్ చెప్పినా నాకు దక్కని మర్యాద అది.

హన్మకొండలో అమ్మ మాత్రం అప్పటికి వారం నుంచి సరిగ్గా మాట్లాడటం లేదు. "గా ఇరాక్‌ల ఏమున్నదిరా? ఈడి పిలగాండ్లకు ఇంగ్లిష్ వచ్చేసిందా?" అని ఒక్కసారి అడిగి ఊరుకుంది. ఆమె భయం ఉత్తది కాదు. 2014లో తిక్రిత్‌లో చిక్కుకున్న 46 మంది కేరళ నర్సులు బతికి బయటపడ్డారు కానీ, అదే ఏడాది మోసుల్‌లో ఎత్తుకుపోయిన 39 మంది మన కార్మికులు చనిపోయారని 2018లో గానీ తేలలేదు. ఎర్బిల్ నుంచి మోసుల్ 80 కిలోమీటర్లే. ఆ సంగతి అమ్మకు చెప్పలేదు.

ఉన్న మాట చెప్తాను, నేను ధైర్యం ఎక్కువై వెళ్లలేదు. ఇంగ్లిష్ టీచర్లకు మంచి జీతమిచ్చే చోట ఏ ఉద్యోగ ప్రకటన చూసినా బ్రిటన్, అమెరికా, కెనడా అంటూ ఏడు దేశాల పాస్‌పోర్టుల జాబితా ఉండేది. మనది అందులో ఉండదు. ఎవరూ పోవడానికి ఇష్టపడని ఊళ్లకు వచ్చేసరికి ఆ జాబితా కాస్త సడలుతుంది. నాకు తెరిచి ఉన్న తలుపు అదొక్కటే.

అక్కడైనా సర్టిఫికెట్ కావాలి. ఉన్న డబ్బులన్నీ ఊడ్చి ఢిల్లీలో సెల్టా చేశాను. ఇంగ్లిష్ ఎలా చెప్పాలో టీచర్లకు నేర్పే కేంబ్రిడ్జ్ వాళ్ల కోర్సు అది, 120 గంటలు, నెల రోజులు. అందులో ఆరు గంటలు నిజమైన విద్యార్థులకు పాఠం చెప్పాలి. మనం చెప్తుంటే ట్యూటర్ వెనక బెంచీలో కూర్చుని రాసుకుంటూనే ఉంటుంది. మొదటి రోజే నా తప్పు పట్టుకుంది. "డూ యూ అండర్‌స్టాండ్?" అని పద్నాలుగుసార్లు అన్నానట. అర్థమైందా అంటే ఎవడైనా అయిందనే అంటాడు కదా! అలా అడగకూడదు. "ఐ యూజ్డ్ టు స్మోక్" చెప్పాక, ఇప్పుడు సిగరెట్ తాగుతాడా? అప్పట్లో తాగేవాడా? ఒక్కసారేనా, రోజూనా? అని అడగాలి. జవాబును బట్టి అర్థమైందో లేదో మనకే తెలిసిపోతుంది. ఏడేళ్ల అలవాటు వదిలించుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది.

తర్వాత డిగ్రీ కాగితాలకు రాష్ట్రంలో ఒక స్టాంపు, విదేశాంగ శాఖలో ఒకటి, ఇరాక్ ఎంబసీలో ఒకటి. ఇన్సూరెన్స్ కాగితం కూడా చదివాను. యుద్ధం వల్ల జరిగే నష్టానికి మా బాధ్యత లేదని చివర్న చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. ఇలాంటి చోటికి వెళ్లే వాళ్లు మొదట చదవాల్సింది ఆ లైనే. నేను సంతకం పెట్టాక చదివాను.

ఎర్బిల్ గుండ్రటి ఊరు. నడిమధ్య దిబ్బ మీద పాత కోట, 2014లో యునెస్కో జాబితాకెక్కింది. దాని చుట్టూ ఉంగరాల్లా రోడ్లు, వాటిని వెడల్పుతోనే పిలుస్తారు. నేను చేరిన సెంటర్ అరవై మీటర్ల రోడ్డు పక్కన. సాయంత్రం బ్యాచ్‌లో పదకొండు మంది, ఎక్కువగా ఉద్యోగస్తులు. థాంక్స్‌కి "జోర్ స్పాస్" అంటారు. జోర్ అంటే చాలా అని. మన జోరే! దోస్త్ కూడా ఉంది. ఆ రెండు మాటలతో నెల నెట్టుకొచ్చాను.

రెండో వారంలో ఒక నర్సమ్మాయి చెయ్యెత్తింది. "మామోస్తా, మీరన్నది వైనా, వైనా?" ఒకటి తీగ, ఒకటి మద్యం. కుర్దిష్‌లో 'వి', 'డబ్ల్యూ' శబ్దాలు వేరువేరు, వాళ్ల చెవికి తేడా ఇట్టే తెలుస్తుంది. తెలుగులో రాస్తే రెండూ వైనే, చూశారా, నా రోగం అదే. ఆ రాత్రి అద్దం ముందు పెదాలు గుండ్రంగా చుట్టి సాధన చేశాను.

నవంబర్‌లో "హ్యావ్ యూ ఎవర్" పాఠం. పుస్తకంలో నారింజ రంగు టెంటు, పక్కన నెగడు, నవ్వుతున్న పిల్లలు. లెసన్ ప్లాన్‌లో రాగల ఇబ్బందులు రాయడానికి ఒక గడి ఉంటుంది. అందులో 'టెంట్ అనే మాట తెలియకపోవచ్చు' అని రాసుకున్నాను. "హ్యావ్ యూ ఎవర్ స్లెప్ట్ ఇన్ ఎ టెంట్?" అనగానే ఏడు చేతులు లేచాయి. సంబరపడి "వెన్?" అన్నాను. "1991" అన్నాడు ముందు వరసలో వడ్రంగి షాపాయన. పక్కావిడా 1991 అంది. వెనకాయన కూడా. ఆ ఏడాది సద్దాం సైన్యం కుర్దుల తిరుగుబాటును అణచివేస్తే, లక్షల మంది చలిలో కొండలెక్కి టర్కీ, ఇరాన్ సరిహద్దులకు పారిపోయారు. "మై ఫాదర్ క్యారీ మీ" అన్నాడు వడ్రంగి. క్యారీడ్ అని దిద్దాలి. దిద్దలేదు. పుస్తకం మూసి అందరికీ టీ తెప్పించాను. నడుం సన్నగా ఉండే చిన్న గ్లాసులు, అడుగున వేలెడు చక్కెర. ఎవరూ కలపలేదు చాలాసేపు.

2020 జనవరి 3న బాగ్దాద్‌లో ఇరాన్ సేనాని సులేమానీని అమెరికా చంపింది. ఎనిమిదో తేదీ తెల్లవారుజామున నాలుగింటికి నన్ను లేపింది అమ్మ ఫోను. అక్కడ ఆరున్నర, టీవీ పెట్టేసింది. ఇరాన్ మిస్సైళ్లు ఎర్బిల్ మీద కూడా వేసిందట. నేను హాయిగా నిద్రపోతున్నాను. అనవసరంగా ఇరాక్ వెళ్లొద్దని మన విదేశాంగ శాఖ ఆ రోజే ప్రకటన ఇచ్చింది. ఇక్కడ ఉన్నవాళ్లు జాగ్రత్తగా ఉండాలని, ఎర్బిల్ కాన్సులేట్ మామూలుగానే పనిచేస్తుందని కూడా అందులో ఉంది. బ్యాగు సర్దాను, మళ్లీ విప్పాను.

సాయంత్రం ఎవరూ రారనుకుంటూ సెంటర్‌కు వెళ్లాను. పదకొండు మందీ వచ్చారు, హోంవర్కుతో సహా. నా ముఖం చూసి నర్సమ్మాయికి నవ్వొచ్చినట్టుంది. "మామోస్తా, టీవీలో ఒకాయన మిసిల్ అంటున్నాడు, ఒకాయన మిస్సైల్ అంటున్నాడు. ఏది కరెక్టు?"

మొదటిది అమెరికా, రెండోది బ్రిటన్ అని బోర్డు మీద పక్కపక్కన రాశాను. మాకు పరీక్షలో ఏది పనికొస్తుందని అడిగాడు వడ్రంగి.