ఆల్రెడీ ఎవరో అడిగేసే ఉంటారు

మనకొచ్చే డౌట్ ఏదైనా సరే, ఏ పదేళ్ళ కిందటో ఎవరో ఒకళ్ళు ఏదో మెయిలింగ్ లిస్టులో (ఒక అడ్రస్‌కి రాస్తే చేరినవాళ్ళందరికీ వెళ్ళే మెయిల్ గుంపులో) అడిగేసే ఉంటారు, దాని మీద నలుగురు చేరి వారం రోజులు కొట్టుకుని కూడా ఉంటారు. ఇప్పుడు అందరం చాట్‌బాట్‌నే అడుగుతున్నాం, నేనూ అడుగుతా, కాదనను, కాకపోతే అది "ఈ సెట్టింగ్ ఆఫ్‌లోనే ఉంచండి" అని టకీమని చెప్తుంది గానీ ఎందుకలా పెట్టారు, వద్దన్నవాళ్ళు ఏమన్నారు అని గుచ్చి అడిగితే నీళ్ళు నములుతుంది. ఆ గొడవంతా కావాలంటే పాత మెయిల్స్ తవ్వుకోవాల్సిందే.

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సంగతే తీసుకోండి. అందులో డేటా సింక్ రీట్రై అని ఒక పారామీటర్ ఉంది, డిఫాల్ట్‌గా ఆఫ్. అంటే డేటా ఫైల్ మీద ఎఫ్‌సింక్ (రాసినదాన్ని నిజంగా డిస్క్ మీదకి ఎక్కించెయ్యమని సిస్టమ్‌ని అడగడం) ఫెయిలైతే సర్వర్ మళ్ళీ ట్రై చెయ్యదు, పానిక్ అని కేకేసి మొత్తం పడిపోయి, లేచాక రికవరీ మొదలెడుతుంది. కొత్తగా చూసినవాడెవడైనా ఇదేం పిచ్చి, ఇంకోసారి ట్రై చేస్తే ఏం పోయింది అంటాడు, న్యాయమే. దీనికి జవాబు 2018 మార్చిలో పోస్ట్‌గ్రెస్ రాసేవాళ్ళ పీజీఎస్‌క్యూఎల్ హ్యాకర్స్ లిస్టులో మొదలైన థ్రెడ్‌లో ఉంది. విషయం ఏంటంటే, లైనక్స్‌లో డిస్క్ మీదకి రాయడం ఫెయిలైతే కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఎర్రర్ ఒకసారి చెప్పేసి మెమరీలో ఉన్న ఆ పేజీల్ని క్లీన్, అంటే ఇక రాయాల్సిందేం లేదు, అని మార్క్ చేసేసుకుంటుంది, రెండోసారి ఎఫ్‌సింక్ పిలిస్తే హాయిగా సక్సెస్ అంటుంది, కానీ డేటా మాత్రం డిస్క్ మీద ఉండదు. ఇక్కడ పోస్ట్‌గ్రెస్ ఏమో సక్సెస్ అన్నారు కదా అని చెక్‌పాయింట్ (ఇంతవరకూ అంతా డిస్క్ మీదకి చేరిందనే గుర్తు) ముగించేసి పాత వాల్ ఫైళ్ళని (మార్పులన్నీ ముందుగా రాసుకునే చిట్టాని) రీసైకిల్‌కి పంపేస్తుంది, అంటే ఆ డేటాని మళ్ళీ కట్టుకోడానికి ఉన్న ఒక్క ఆధారం కూడా గోవిందా. ఆ థ్రెడ్ చదువుతుంటే మొదట్లో కొందరు నమ్మలేదు, అలా ఎలా చేస్తారండీ అని కెర్నల్ వాళ్ళ మీద విసుక్కున్నారు, తర్వాత కెర్నల్ వాళ్ళ వైపు వాదన కూడా వచ్చింది, చివరికి 2019 ఫిబ్రవరి 14న వచ్చిన 11.2, 10.7 లాంటి మైనర్ రిలీజుల్లో ఈ పానిక్ పెట్టారు. మాన్యువల్‌లో ఇదంతా ఓ చిన్న పేరాలో తేల్చేశారు.

ఇంతకీ ఆ థ్రెడ్ దొరకడం ఎలా? ఎఫ్‌సింక్ అని కొట్టి సెర్చ్ చేస్తే "ఎఫ్‌సింక్ ఆఫ్ చేస్తే స్పీడ్ పెరుగుతుందా" అని అడిగినవాళ్ళే గంపలకొద్దీ వస్తారు. నేనైతే సెర్చ్ బాక్స్ జోలికే పోను, ముందు కోడ్‌లో ఆ లైన్ దగ్గరికెళ్ళి గిట్ బ్లేమ్ (ఆ లైన్ ఏ మార్పులో వచ్చిందో చూపించే కమాండ్) కొడతా, కమిట్, అంటే ఆ మార్పు రికార్డు, దొరుకుతుంది, పోస్ట్‌గ్రెస్ వాళ్ళు కమిట్ మెసేజ్ అడుగున డిస్కషన్ అని ఒక లింక్ పెడతారు, అందులో ఉండేది మెయిల్ తాలూకు మెసేజ్ ఐడీనే (ప్రతి మెయిల్‌కీ వేరుగా ఉండే గుర్తు), నొక్కితే నేరుగా గొడవ మధ్యలో దిగుతాం. ఈ అలవాటు ఎవరు మొదలెట్టారో గానీ వాళ్ళ కడుపు చల్లగా ఉండాలి.

మెసేజ్ ఐడీ గురించి ఇంకో మాట. లింకులు చచ్చిపోతాయి, ఐడీ చావదు. 2016లో మెయిలింగ్ లిస్టుల్ని దాచిపెట్టే జీమేన్ వెబ్‌సైట్ ఆగిపోయినప్పుడు బగ్ రిపోర్టుల్లోనూ బ్లాగుల్లోనూ ఉన్న లింకులన్నీ ఒక్కసారిగా గాల్లో కలిశాయి, ఎందుకంటే చాలావాటిలో గ్రూప్ పేరూ ఒక నంబరూ తప్ప ఐడీ ఉండేది కాదు. మెయిలింగ్ లిస్టులు నడిపే మెయిల్‌మ్యాన్ అనే సాఫ్ట్‌వేర్ పాత ఆర్కైవ్స్‌ది ఇంకో తలనొప్పి, అవి నెలవారీగా కట్ చేస్తాయి, 30న అడిగిన ప్రశ్నకి 2న జవాబొస్తే రెండూ వేర్వేరు పేజీల్లో పడతాయి, మనమేమో ఎవరూ జవాబివ్వలేదు పాపం అనుకుని వెళ్ళిపోతాం. కాబట్టి జవాబు లేదనిపిస్తే పక్క నెల కూడా ఒకసారి తిప్పండి. నెల మొత్తం టెక్స్ట్ ఫైల్‌గా దించుకునే లింక్ చాలా చోట్ల ఉంటుంది, దించుకుని గ్రెప్ (ఫైల్లో మాట వెతికే కమాండ్) కొట్టుకోవడం అన్నిటికన్నా సుఖం.

లైనక్స్ కెర్నల్ వాళ్ళ లోర్ ఆర్కైవ్‌లో నాకు బాగా నచ్చిందొకటుంది. మెయిల్ లిస్టుల్లో పెద్ద రొద ఏంటంటే కోటింగ్, ఒకడు రాసిన వాక్యాన్ని ఇరవైమంది రిప్లైల్లో మోసుకుంటూ తిరుగుతారు, దాంతో సెర్చ్ చేస్తే అదే ముక్క ఇరవైసార్లు వస్తుంది. అక్కడ ఎన్‌క్యూ అని రాసి కోలన్ పెట్టి మాట కొడితే కోట్ చేసిన లైన్లు వదిలేసి, ఆ మెయిల్‌లో మనిషి సొంతంగా రాసినదాంట్లోనే వెతుకుతుంది. ఎర్రర్ మెసేజ్‌తో వెతికేటప్పుడు ఫైల్ పేర్లూ నంబర్లూ తీసేసి, కోడ్‌లో మారకుండా ఉండే ముక్కనే కొట్టండి, ఇది ఎక్కడైనా పనికొస్తుంది.

ఇంగ్లీషులో ఇంత సుఖం ఉంది గానీ మన తెలుగు ఆర్కైవ్స్‌లో వెతకాలంటే దేవుడు కనిపిస్తాడు. తొంభైల్లో న్యూస్‌గ్రూపుల్లో తెలుగువాళ్ళు ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతో రాసేవాళ్ళు, పెద్ద టి కొడితే ట, చిన్న టి కొడితే త. సెర్చ్‌కేమో పెద్దా చిన్నా తేడా తెలీదు, అంచేత పాట అని వెతికితే పాత కూడా వచ్చి కూర్చుంటుంది. పైగా అందరూ ఆర్‌టీఎస్‌లోనే రాశారా అంటే అదీ లేదు, ఎవరికి తోచిన స్పెల్లింగ్ వాళ్ళది, కాబట్టి ఒక్కో మాటని నాలుగైదు రకాలుగా కొట్టి చూడాల్సిందే. తర్వాత తెలుగుబ్లాగు గుంపులో యూనికోడ్ వచ్చింది కాబట్టి అక్కడ కాస్త నయం, విండోస్ ఎక్స్‌పీలో వత్తులు పక్కకి పోతున్నాయి ఏం చెయ్యాలి అని అడిగితే సీడీ పెట్టి కాంప్లెక్స్ స్క్రిప్ట్ ఫైళ్ళు ఇన్‌స్టాల్ చేసుకోమని ఓపిగ్గా చెప్పిన మెయిల్స్ చదువుతుంటే ముచ్చటేస్తుంది, ఇప్పుడెందుకూ పనికిరావనుకోండి.

అసలు దెబ్బ యాహూ గ్రూప్స్‌ది. 2019 అక్టోబర్‌లో పాత మెయిల్స్ అన్నీ తీసేస్తామని ప్రకటించారు, 2020 డిసెంబర్‌కి మొత్తం దుకాణం కట్టేశారు. రచ్చబండ లాంటి గుంపుల్లో ఛందస్సు మీదా మాండలికాల మీదా జరిగిన చర్చలు అక్కడివే. ఆ రోజుల్లో అలాంటి గుంపుల్లో ఉండి, మెయిల్స్ ఇన్‌బాక్స్‌కి వచ్చేలా పెట్టుకున్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క పని చెయ్యండి ప్లీజ్. జీమెయిల్ అయితే లిస్ట్ అని రాసి కోలన్ పెట్టి గుంపు అడ్రస్ కొట్టండి, వచ్చినవన్నిటికీ ఒక లేబుల్ పెట్టండి, గూగుల్ టేకౌట్‌లో ఆ ఒక్క లేబుల్ టిక్ చేసి దించుకోండి. ఎమ్‌బాక్స్ ఫైల్ ఒకటి వస్తుంది, థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌లో పెట్టుకుంటే థ్రెడ్లతో సహా కనిపిస్తుంది. మీ సొంత మెయిల్స్ ఏమైనా కలిసిపోయాయేమో ఒకసారి చూసుకుని, గుంపులో పాతవాళ్ళని కూడా ఓ మాట అడిగాక, నాకు చెప్పండి. మెసేజ్ ఐడీలు ఉంటాయి కాబట్టి ఇద్దరి ముగ్గురి ఫైళ్ళు కలిపినా డూప్లికేట్లు తీసెయ్యడం పెద్ద పనేం కాదు, ఆ స్క్రిప్ట్ నేను రాసిపెడతా.